పురుగు ముట్టిన కథలు

కత్సుహిరో ఒతోమో 2006లో ఒక సినిమా తీశాడు. 'అకిరా' తీసినాయనే. ఆ సినిమా జపనీస్ పేరు 'ముషిషి'. ఇంగ్లీషు ప్రేక్షకుల దగ్గరికి వచ్చేసరికి కొన్నిచోట్ల దానికి 'బగ్‌మాస్టర్' అని పేరు పెట్టారు. రావులపాలెం సెంటర్లో వరికి మందులమ్మే కొట్టు బోర్డు మీద ఈ పేరు చక్కగా ఇముడుతుంది. దోమపోటు, ఆకుముడత, అన్నిటికీ ఒకటే మందు. ఒక అనువాదం ఎక్కడ చెడిందో తెలియాలంటే ఒక్కోసారి పుస్తకం తెరవక్కర్లేదు, అట్ట చూస్తే చాలు.

అదృష్టం కొద్దీ ఆ సినిమాకి మూలమైన మాంగాకి ఈ పేరు తగల్లేదు. ఉరుషిబారా యుకి 1999లో మొదలుపెట్టి 2008లో ముగించిన 'ముషిషి', మొత్తం 10 సంపుటాలు. డెల్ రే అనే అమెరికన్ ప్రచురణ సంస్థ విలియం ఫ్లనగన్ చేత అనువాదం చేయించి 2007 నుంచి ఇంగ్లీషులో వేసింది. 2010కల్లా పూర్తయింది. మొదటి రెండు సంపుటాలు నాకు ఆబిడ్స్ ఆదివారం సంతలో పేవ్‌మెంటు మీద, ఇంజనీరింగ్ ఎంట్రన్సు గైడ్ల పక్కన దొరికాయి. మిగతావి తెర మీద చదివాను. అప్పట్నుంచి ఈ నాలుగైదేళ్ళలో మొత్తం మూడుసార్లు చదివాను. మధ్యలో జపనీస్ కొంచెం నేర్చుకున్నాను. ఎంత కొంచెమంటే, నిఘంటువు పక్కన పెట్టుకుని పేజీకి అరగంట పట్టేంత. కాబట్టి ఇక్కడ నేను జపనీస్ పండితుడి తీర్పు ఇవ్వట్లేదు. గోదావరి జిల్లా తెలుగు ఇంట్లో మాట్లాడుతూ, చదువంతా ఇంగ్లీషులో చదివి, జపాన్ దయ్యాల్ని ఇంగ్లీషు కిటికీలోంచి చూసే పాఠకులు మనలో చాలామంది ఉన్నారు కదా. వాళ్ళలో ఒకరి లెక్క ఇది.

చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కథాకాలం ఫలానా అని చెప్పలేం. రైళ్ళు రాని, కరెంటు లేని జపాన్ పల్లెలు. గింకో అనే మనిషి వీపు మీద చెక్కపెట్టె మోసుకుంటూ ఊరూరా తిరుగుతుంటాడు. జుట్టు తెలుపు, ఒంటి కన్ను, ఆ కన్ను ఆకుపచ్చ. నోట్లో ఎప్పుడూ సిగరెట్టు, ఆ పొగ దగ్గరికి 'ముషి' రావు కాబట్టి. ఎక్కువ రోజులు ఎక్కడా ఉండడు, ఉంటే అవి అతని చుట్టూ పోగవుతాయి కాబట్టి. ఈ ముషి దయ్యాలు కావు, దేవతలు కావు, మనం రోజూ చూసే పురుగులూ కావు. మొదటి సంపుటంలో గింకో చెయ్యి చూపించి వివరిస్తాడు: వేళ్ళ కొసల్లో మనుషులూ జంతువులూ ఉన్నారనుకుంటే, చెయ్యి వెంబడి మణికట్టు దాటి, భుజం దాటి గుండె దగ్గరికి పోయేకొద్దీ ప్రాణం తాలూకు మొదటి రూపాలుంటాయి, ఇవి అక్కడివి అని. మనుషులకి తగుల్తాయి, జబ్బు చేస్తాయి, కానీ పగ పట్టి కాదు. వాటి బతుకు అవి బతుకుతుంటే మన బతుకు అడ్డం పడుతుంది, అంతే.

ఫ్లనగన్ చేసిన మొదటి మంచి పని, 'ముషి' అన్న మాటని ముట్టుకోకుండా వదిలెయ్యడం. ఇంగ్లీషులో దానికి ఏ మాట పెట్టినా కథ చచ్చిపోతుంది. బగ్ అంటే చీదర, లేదా సాఫ్ట్‌వేర్‌లో తప్పు. ఇన్‌సెక్ట్ అంటే ఆరు కాళ్ళ జంతుశాస్త్రం. స్పిరిట్ అంటే చర్చి గంట వినపడుతుంది. జపనీస్‌లో ఈ మాట అలాంటిది కాదు. పేరులో ఉరుషిబారా వాడింది పాత లిపి అక్షరం, పురుగు గుర్తుని మూడుసార్లు పేర్చినది. ఆ పాత అక్షరం నీడలో చీమా దోమా మాత్రమే కాదు, పాము కూడా ఉంది. అక్కడి ఒక రకం విషపాము పేరు 'మాముషి'. మనసు కీడు శంకిస్తే 'ముషి కబురు చెప్పింది' అంటారు. ఊరికే ఏడ్చే పిల్లని 'ఏడుపు ముషి' అంటారు. కోపం కడుపులో ఉండే ముషి. పుస్తకాలు వదలనివాడు పుస్తకాల ముషి.

ఇక్కడ తెలుగు పాఠకుడు ఒక్క క్షణం ఆగాలి. పుస్తకాల పురుగు మనకీ ఉంది, ఇంగ్లీషుకీ ఉంది, అది పెద్ద విశేషం కాదు. కానీ పాము సంగతి? మా వైపు రాత్రిపూట పాము అన్న మాట నోటితో అనరు. 'పురుగు' అంటారు. పాము కరిస్తే 'పురుగు ముట్టింది' అంటారు. కరిచింది అని కూడా అనరు చూడండి, ముట్టింది అంటారు. చేలో, గడ్డివాములో, చీకట్లో పేరు పెట్టి పిలవడానికి భయపడే ప్రతిదీ పురుగే. 'పురుగూ పుట్రా ఉంటాయి, చెప్పులేసుకెళ్ళు' అన్నప్పుడు ఆ పుట్రాలో ఏమేం ఉన్నాయో ఎవరూ జాబితా రాయలేదు. బుర్రలో పురుగు దొలుస్తుంది. చిన్న చీమ దగ్గర్నుంచి పేరులేని భయం దాకా సాగే మాట ఇది. నా మటుకు నాకు 'ముషి'కి ప్రపంచంలో దొరికే దగ్గరి చుట్టం ఈ 'పురుగే' అనిపిస్తుంది. ఇంగ్లీషు అనువాదకుడు మాటని మార్చకుండా ఉంచినందుకు మెచ్చుకోవాలి. తెలుగు అనువాదకుడు అలాగే ఉంచేస్తే మాత్రం తిట్టాలి. ఒకే నిర్ణయం ఒక భాషలో వివేకం, ఇంకో భాషలో బద్ధకం కావచ్చు.

ముషిషిలో చివరి 'షి' సంగతి కూడా అంతే. ఒక విద్య పట్టుబడ్డవాడు అని దాని అర్థం. ఇంగ్లీషువాళ్ళకి మాస్టర్ తప్ప దొరకలేదు. మనవాళ్ళు గంభీరంగా భూతవైద్యుడు అంటారేమో. అది శుద్ధ తప్పు, గింకో దేన్నీ వేపమండలు పెట్టి కొట్టి తరమడు. మన దగ్గర పాములవాడు ఉన్నాడు, మేదరవాడు ఉన్నాడు. ఆ వరసలో 'పురుగులవాడు'. మా ఊళ్ళో అయితే 'పురుగులాయనొచ్చారండీ' అంటారు, పైగా మంచినీళ్ళిస్తారు.

ఈ మాట దగ్గర ఇంతసేపు ఎందుకు ఆగానంటే, మన కథకి మన చేతుల్లోనే ఇలాంటి అన్యాయం జరిగింది. బేతాళుడి సంగతి. శవంలో దూరి, శింశుపా వృక్షానికి తలకిందులుగా వేలాడి, రాజు భుజమెక్కి కథ చెప్పి, చిక్కుప్రశ్న వేసి, జవాబు రాగానే మళ్ళీ చెట్టెక్కే జీవి. ఒక్క బొట్టు రక్తం తాగడు. 1870లో రిచర్డ్ బర్టన్ ఇతన్ని వేంపైర్ చేశాడు. 1917లో ఆర్థర్ రైడర్ గాబ్లిన్ అన్నాడు. 1995లో పెంగ్విన్ వాళ్ళు వేసిన చంద్రా రాజన్ అనువాదంలో జీనీ అయ్యాడు, అంటే అల్లాఉద్దీన్ దీపంలో భూతానికి తమ్ముడు. నూట పాతికేళ్ళలో మూడు దేశాల దయ్యాల చొక్కాలు తొడిగారు ఆయనకి. బర్టన్ సంగతి సరే, దొర. ఇంగ్లీషు చందమామ పాత సంచికల్లో కూడా శీర్షిక 'కింగ్ విక్రమ్ అండ్ ద వేంపైర్' అనే. పక్కనే శంకర్ గారి బొమ్మ: కత్తి పట్టుకున్న విక్రమార్కుడు, భుజాన శవం, వెనక శ్మశానం. బొమ్మలో ఉన్నది బేతాళుడు, పైన ఉన్న పేరు డ్రాక్యులా చుట్టంది. అదే పత్రిక తెలుగులో చదివిన పిల్లాడికీ ఇంగ్లీషులో చదివిన పిల్లాడికీ ఒకే బొమ్మ, రెండు వేరు వేరు భయాలు.

ఇది పాత గొడవ అని కొట్టిపారెయ్యకండి. మొన్న రాజమండ్రిలో మా పిన్ని కూతురు, ఇంటర్ చదువుతోంది, 'యోకై' అన్న మాటని నాకంటే హాయిగా వాడింది. కామినీ పిశాచం అంటే నవ్వింది. కొరివి దయ్యం అంటే అదేంటని అడిగింది. తప్పు తనది కాదు. యోకై అన్న మాటని ఇంగ్లీషు అనువాదకులు గౌరవంగా, మార్చకుండా, వెనక పేజీల్లో వివరణలు రాసి అందించారు. షిగేరు మిజుకి 'కితారో' కథల్ని జాక్ డేవిసన్ అనువదించిన పద్ధతి చూడండి, ప్రతి యోకైకీ దాని పేరుతోనే గుమ్మంలోకి రానిచ్చాడు. మన కొరివి దయ్యానికి అంత మర్యాద ఎవరు చేశారు? మనమే ఘోస్ట్ అని రాసేసి చేతులు దులుపుకున్నాం.

మళ్ళీ ముషిషికి వస్తాను. మొదటి సంపుటంలో ఆఖరి కథ నాకు అన్నిటికంటే ఇష్టం. జపనీస్ పేరు 'తాబి ఒ సురు నుమా', ప్రయాణం చేసే మడుగు. ఒక మడుగు ఇవాళ ఈ కొండ దగ్గర ఉంటుంది, రేపు ఉండదు, ఇంకోచోట తేలుతుంది. దానితో పాటు ఇవో అనే పిల్ల. వరదలతో విసిగిపోయిన ఊరు నదికి బలిగా ఇచ్చిన పిల్ల. నీళ్ళలో ఆ మడుగే ఆ పిల్లని కాపాడింది. అప్పట్నుంచి దాని వెంట నడుస్తోంది, జుట్టు ఆకుపచ్చబడుతోంది, మెల్లమెల్లగా తనూ మడుగైపోతోంది. ఆ మడుగు సముద్రానికి పోతోందని, అక్కడ దాని కథ ముగుస్తుందని గింకో కనిపెడతాడు. సముద్రం దగ్గర వల వేయించాలని పరుగెడతాడు.

డెల్టాలో పుట్టినవాళ్ళకి ఈ కథకి ఫుట్‌నోట్ అక్కర్లేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోయిన వరద గురించి మా ఇంట్లో ఇప్పటికీ నిన్న జరిగినట్టు మాట్లాడుకుంటారు. 2022 జులైలో పాతిక లక్షలు దాటినప్పుడు లంకల్లోంచి జనాన్ని పడవల మీద తెచ్చారు. ఇంజనీర్లకి 10 లక్షలు మొదటి హెచ్చరిక, 13 రెండోది, 17 మూడోది. ఆడవాళ్ళకి ఇంకో లెక్క ఉంది: పసుపు, కుంకుమ, రవికల గుడ్డ, టెంకాయ. బలి కాదు, కానీ బలి తాలూకు జ్ఞాపకం. నదికి ఏదో ఒకటి ఇచ్చి పంపాలి అన్న లెక్క. కాటన్ దొర ఆనకట్ట కట్టి 170 ఏళ్ళు దాటినా ఈ లెక్క చెరగలేదు.

అందుకే ఈ కథ ఇంగ్లీషులో చదువుతుంటే ఒకచోట నాకు పంటి కింద రాయి తగులుతుంది. సర్వనామం. ఆ పిల్ల ఇంకా పిల్లా, మడుగైపోయిందా అన్నదే కథ మొత్తం. ఇంగ్లీషు ప్రతి వాక్యంలోనూ తేల్చి చెప్పమంటుంది: షీ యా, ఇట్ ఆ? జపనీస్ కర్తని హాయిగా వదిలేస్తుంది. వాక్యానికి కర్త ఎవరో చెప్పకుండా పేజీలు నడపొచ్చు. ఇంగ్లీషు అనువాదకుడికి ఆ సౌకర్యం లేదు, ఎక్కడో ఒకచోట మనిషి వైపో నీళ్ళ వైపో మొగ్గాలి. మొగ్గిన ప్రతిసారీ కథలో ఒక తలుపు మూసుకుంటుంది. అది ఫ్లనగన్ తప్పు కాదు, భాష కట్టు అలాంటిది.

ఇప్పుడు తెలుగు చూడండి. 'అమ్మాయి వచ్చింది.' 'వరద వచ్చింది.' క్రియ ఒకటే. 'అది కదుల్తోంది' అంటే పిల్లా కావచ్చు, మడుగూ కావచ్చు. మన వ్యాకరణం ఏకవచనంలో ఆడదాన్నీ, పశువునీ, రాయినీ, నదినీ ఒకే గాటన కట్టింది. దీన్ని ఎంతోమంది తప్పుపట్టారు, న్యాయంగానే తప్పుపట్టారు. 'వాడు వచ్చాడు'కి మనిషి గుర్తు ఉండి 'అది వచ్చింది'కి లేకపోవడం వెనక ఏ కాలపు ఏ లెక్క ఉందో ఊహించడం కష్టమేం కాదు. కానీ ఈ ఒక్క కథలో, నదికి ఇచ్చేసిన ఒక ఆడపిల్ల మనిషితనం కోల్పోతూ నీరవుతున్న కథలో, ఆ వ్యాకరణం ఒక భయంకరమైన నిజం పలుకుతుంది. ఊరు ఆ పిల్లని ముందే 'అది' చేసింది. మడుగు తర్వాత చేసింది. ఈ మాట ఇంగ్లీషులో చెప్పాలంటే ఒక పేరా వ్యాసం రాయాలి. తెలుగులో క్రియ చివరి అక్షరం చాలు.

అలాగని జపనీస్ నుంచి వచ్చేదంతా తెలుగులో నష్టం లేకుండా దిగుతుందని కాదు. వాళ్ళకి 'ఉంది' అనడానికి రెండు క్రియలున్నాయి, ప్రాణమున్నవాటికి ఒకటి, లేనివాటికి ఇంకొకటి. ప్రాణానికీ నిష్ప్రాణానికీ మధ్య ఊగే ముషి గురించి మాట్లాడేటప్పుడు ఈ రెంటిలో ఏది వాడినా అదొక తీర్పు. మన 'ఉంది' దగ్గర ఆ మెలిక లేదు. కుర్చీ ఉంది, పిల్లి ఉంది, దయ్యం ఉంది. అది మనం పోగొట్టుకునేది.

వాక్యం నడక సంగతి కూడా చెప్పుకోవాలి. జపనీస్‌లో క్రియ చివర వస్తుంది, మనకిలాగే. అవునా కాదా అన్నది కూడా క్రియ తోకలోనే తేలుతుంది. 'ఆ రాత్రి ఆ ఇంటికి వచ్చిన మనిషి... మనిషి... కాదు.' మాంగా గీసేవాళ్ళకి ఇది పెద్ద ఆయుధం. ఒక వాక్యాన్ని మూడు మాటల బుడగలుగా విరిచి, మూడో బుడగలో, కొన్నిసార్లు పేజీ తిప్పాక, అసలు సంగతి పెడతారు. ఇంగ్లీషులో 'కాదు' ముందే వచ్చేస్తుంది. అనువాదకుడు బుడగల్ని అటూ ఇటూ సర్దినా, బొమ్మ ఒక చోట బెదిరిస్తుంటే మాట ఇంకోచోట బెదిరిస్తుంది. ముషిషి ఇంగ్లీషు సంపుటాల్లో నాకు అప్పుడప్పుడూ కలిగే ఆ సన్నటి అసంతృప్తికి, బొమ్మకీ మాటకీ అరక్షణం తేడా ఉన్నట్టు అనిపించడానికి, కారణం ఇదేనని చాలా ఆలస్యంగా తెలిసింది. డబ్బింగ్ సినిమాలో పెదాలు కలవనట్టు. తెలుగులో పెదాలు కలుస్తాయి.

ఇక శబ్దాలు. ఇక్కడ నాకు కొంచెం గర్వంగా ఉంది, క్షమించాలి. జపనీస్‌లో జంట ధ్వనుల మాటలు వందలు. మెరిసేది 'కిరకిర'. మనకి మిలమిల, తళతళ, ధగధగ, మిణుకుమిణుకు, దేనికది వేరు. గుండె 'దొకిదొకి'. మనది దడదడ. ఒణుకు వాళ్ళకి 'గతగత', మనకి గడగడ. పరాయి భాష ధారాళంగా మాట్లాడితే వాళ్ళు 'పెరపెర' అంటారు, మనం మళ్ళీ గడగడే. చినుకులు 'పొత్సుపొత్సు', మనకి టపటప. ఇవి మాంగాలో బుడగల బయట, బొమ్మలో భాగంగా, కుంచెతో రాసినట్టు ఉంటాయి. ఇంగ్లీషు వీటి దగ్గర చేతులెత్తేస్తుంది. దానికి ఉన్నవి క్రాష్, బ్యాంగ్, థడ్, అన్నీ ఏవో పగిలే శబ్దాలు. మెరుపుకీ మెత్తదనానికీ నిశ్శబ్దానికీ శబ్దం ఉండొచ్చన్న ఊహే ఆ భాషకి కొత్త. అందుకే ఇంగ్లీషు మాంగాలో 'గ్లిట్టర్' అని ఒక క్రియని తెచ్చి బొమ్మ పక్కన చిన్నగా అతికిస్తారు, ఫోటో కింద పేరు రాసినట్టు.

ముషిషి రెండో కథ మొత్తం శబ్దం మీదే. 'యవరకాయ్ త్సునో', మెత్తని కొమ్ములు. మంచు కురిసే లోయలో ఊరు. ఒక్కొక్కరికి ఒక చెవి వినపడడం మానేస్తుంది. శబ్దాన్ని తినే ముషి ఒక రకం, నిశ్శబ్దాన్ని తినే ముషి ఇంకో రకం. రెండోది పట్టినవాళ్ళకి లోకంలోని ప్రతి చప్పుడూ వినపడి, నుదుటి మీద కొమ్ములు మొలిచి, చిక్కి చచ్చిపోతారు. మహో అనే పిల్లాడికి అది పట్టింది, వాళ్ళమ్మ దాంతోనే పోయింది. మందేమిటంటే రెండు చేతులతో చెవులు మూసుకోవడం. మూసుకుంటే మన ఒంటి లోపలి శబ్దం వినిపిస్తుంది కదా, అది.

ఈ కథని నేను ఆత్రేయపురంలో మా అమ్మమ్మకి తెలుగులో చెప్పాను. జనవరి, పెరట్లో పొయ్యి దగ్గర. మధ్యలో 'ఆ లోపలి శబ్దం' దగ్గరికి వచ్చి మాట కోసం వెతుక్కుంటుంటే ఆవిడే అందించింది.

"హోరు అను నాన్నా. చెవులు మూసుకుంటే హోరొస్తది. గోదారి హోరు లాగ."

ఇంగ్లీషు సంపుటం పక్కన పెట్టుకుని నెల రోజులు ఆలోచించినా నాకు తట్టని మాట. ఒంట్లోనూ అదే, నదిలోనూ అదే. తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్న ఇంకా గొప్పది. "ఇంతకీ ఆ పురుగు ఊళ్ళోంచి పోయిందా, ఊళ్ళోనే ఓ మూల ఉందా?" పిల్లాడికి తగ్గిందా అని అడగలేదు చూడండి. అమ్మవారు పోసినప్పుడు వేపాకులు కట్టి, చలవ చేసి, సాగనంపి, మళ్ళీ మావుళ్ళమ్మ జాతరకి వెళ్ళొచ్చే మనిషికి, జబ్బంటే శత్రువు కాదు, ఇంటికొచ్చిన చుట్టం. మర్యాద చేసి పంపాలి. గింకో చేసేదీ అదే. ముషిషిని అమెరికన్ అభిమానులు పర్యావరణ కథ అంటారు, జెన్ అంటారు, ఇంకేవేవో అంటారు. మా అమ్మమ్మకి అది మామూలు ఊరి సంగతి.

మర్యాద అన్నాను కాబట్టి, సాన్, సామ, చాన్. డెల్ రే పుస్తకాలన్నిటికీ ముందు ఒక పేజీ ఉంటుంది, ఈ గౌరవ వాచకాలు ఏమిటో, ఎవరు ఎవరికి వాడతారో చెప్తూ. తర్వాత కథలో వాటిని అలాగే ఉంచుతారు. ఉద్దేశం మంచిదే. కానీ ఇంగ్లీషు వాక్యం మధ్యలో సాన్ ఒక్కటే మిగిలి, దాని చుట్టూ ఉండే వినయం, వెటకారం, దూరం, చనువు అన్నీ కొట్టుకుపోతే, అది తిరణాల్లో తప్పిపోయిన పిల్లాడిలా కనపడుతుంది. గౌరవం ఒక్క తోకలో ఉండదు, క్రియంతా పాకి ఉంటుంది. మా వైపు 'అండీ' ఎన్ని రకాలుగా వాడతారో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎదుటివాణ్ణి నిలువునా తిట్టి చివర 'అండీ' పెట్టే నేర్పు ఉంది మా జిల్లాలో. 'ఆయ్, అలాగేనండీ' అంటే ఒప్పుకోలు ఎంత, ఎగతాళి ఎంత అన్నది పక్క జిల్లావాడికి అంతుపట్టదు.

ఫ్లనగన్ ఇంగ్లీషులో నాకు అన్నిటికంటే పెద్ద లోటుగా అనిపించేది ఇదే. గింకో గొంతు బావుంది. పొడిగా, పొదుపుగా, సిగరెట్టు పీల్చుకునే మనిషి మాట్లాడినట్టే ఉంటుంది. కానీ కొండ మీది ముసలమ్మ, సముద్రం ఒడ్డు జాలరి, లోయలో ఊరిపెద్ద, అందరూ ఒకే బడిలో చదువుకున్నట్టు ఒకే శుభ్రమైన ఇంగ్లీషు మాట్లాడతారు. వాళ్ళ బట్టలు చూస్తే వేరు, ముఖాలు చూస్తే వేరు, నోరు తెరిస్తే ఒకటే. దానికి విరుగుడుగా పల్లెటూరి అమెరికన్ యాస పెట్టి ఉంటే ఇంకా ఘోరంగా ఉండేదన్నది నిజమే. కొన్ని నష్టాలకి మందు లేదు. వెనక పేజీల్లో ఆయన రాసిన వివరణలు మాత్రం బంగారం. ఇల్లు, వంట, లిపి, ఏ మాట ఎందుకు అలా ఉంచానో, అన్నీ చదువరిని పిల్లాణ్ణి చేసి కాకుండా తోటి మనిషిగా చూసి చెప్తాడు. నెట్‌లో దొరికే దొంగ స్కానులు చదివే కుర్రాళ్ళకి ఈ పేజీలు దొరకవు, అది వాళ్ళకి తెలియని నష్టం. మొదటి కథలో పిల్లాడు ఎడమ చేత్తో గీసినవి ప్రాణం పోసుకుంటాయి. 'పక్షి' అన్న అక్షరం రాస్తే అక్షరమే లేచి ఎగిరిపోతుంది. బొమ్మలోంచి పుట్టిన లిపి అది. వివరణ లేకుండా చూస్తే మసి మరక ఎగిరినట్టు ఉంటుంది.

పేర్ల అనువాదం గురించి ఇంకొక్కటి చెప్పాలి, ముషిషి కాకపోయినా. మిదొరికావా యుకి రాస్తున్న యోకై కథల వరస 'నత్సుమే యూజిన్‌చో' ఇంగ్లీషులో 'నత్సుమేస్ బుక్ ఆఫ్ ఫ్రెండ్స్' అయింది. వినడానికి ఆటోగ్రాఫ్ పుస్తకంలా, తియ్యగా ఉంది. కానీ చివర ఉన్న 'చో' అంటే పద్దుల పుస్తకం. నత్సుమే నాయనమ్మో అమ్మమ్మో, రెయికో, యోకైలని ఓడించి, వాటి పేర్లు రాయించుకుని, చెప్పు చేతల్లో పెట్టుకున్న పుస్తకం అది. మనవడు ఆ పేర్లు ఒక్కొక్కటీ వెనక్కి ఇచ్చేస్తుంటాడు. స్నేహం అన్న మాట వెనక అప్పు ఉంది. 'నత్సుమే స్నేహితుల చిట్టా' అంటే ఆ రెండూ వస్తాయి. కిరాణా కొట్టు చిట్టాలో పేరుండటం అంటే ఏమిటో తెలిసిన భాష కదా మనది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు మాంగాని తెలుగులోకి తెస్తారు. అనిమె చూసేవాళ్ళు ఇంతమంది ఉన్నాక ఆగదు. తెచ్చేటప్పుడు ఇంగ్లీషు నుంచి తెస్తారు, అదే సులువు కాబట్టి. అప్పుడు మనకి అందేది ఒకసారి పులుసు పిండేసిన చింతపండు. ఇంగ్లీషు కోసం ఫ్లనగన్ చేసిన రాజీలన్నీ మనకి అక్కర్లేని రాజీలు. కర్త అతను పెట్టక తప్పలేదు, మనకి అక్కర్లేదు. క్రియని అతను ముందుకి లాగక తప్పలేదు, మనకి అక్కర్లేదు. ముషిని అతను వదిలెయ్యక తప్పలేదు, మనకి పురుగు ఉంది. ఆ అనువాదం ఎంత మంచిదైతే మనకి అంత ప్రమాదం, దాన్ని మూలం అనుకుంటాం కాబట్టి.

ఇది జరగని పని కాదు. చక్రపాణి బెంగాలీ నేర్చుకుని శరత్‌ని తెలుగు చేశాడు. ఒక తరం తెలుగువాళ్ళు దేవదాసు తమవాడే అనుకున్నారంటే దాని వెనక ఆ నేర్చుకోవడం ఉంది. ఆ చక్రపాణే తర్వాత నాగిరెడ్డితో కలిసి 1947లో చందమామ పెట్టాడు. ఉప్పల లక్ష్మణరావు మాస్కోలో కూర్చుని రష్యన్ పుస్తకాలు తెలుగు చేశాడు. జపనీస్ వాళ్ళిద్దరి కాలంలో దూరం. ఇవాళ హైదరాబాదులో, విశాఖలో ఉద్యోగాల కోసం జపనీస్ నేర్చుకుంటున్న తెలుగు పిల్లలు ఉన్నారు. వాళ్ళలో ఒక్కరికైనా ఇంటి దగ్గర పురుగు ముట్టింది అనే అమ్మమ్మ ఉంటే చాలు.

నా వంతుగా 'మెత్తని కొమ్ములు' మొదటి నాలుగు పేజీలు, ఎక్కడా వెయ్యడానికి కాదు, నా కోసం, మూలం నుంచి తెలుగులో రాసుకుంటున్నాను. హోరు దొరికింది. పురుగులాయన దొరికాడు. ఒక్కచోట ఆగిపోయాను. రాత్రిపూట గాలి లేకుండా, చప్పుడు లేకుండా, ఆగకుండా మంచు పడుతుంటే జపనీస్‌లో 'షిన్‌షిన్' అంటారు. చప్పుడు లేకపోవడానికి పెట్టిన చప్పుడు అది. మనకి వానకి ఎన్ని మాటలున్నాయో: తుంపర, జల్లు, ముసురు, జడి, కుండపోత. మంచు పడటానికి లేదు, గోదావరి జిల్లాల్లో మంచెక్కడ పడింది గనక. లంబసింగిలో, అరకు పైన గూడేల్లో తెల్లారుజామున ఆకుల మీద మంచు పేరుకునేటప్పుడు అక్కడివాళ్ళు ఏ మాటైనా అంటారేమో. తెలిసినవాళ్ళుంటే చెప్పండి, ఆ పేజీ అక్కడే ఆగి ఉంది.